రెండు వేల చూపులు, ఒక్క పాట లేదు

మూడుసార్లు మడత విప్పించినవాడు చీర కొనకుండా లేవడని గద్వాలలో రాజమౌళి వాళ్ల ఇంట్లో ఒక మాట ఉంది. చాప మీద కూర్చుని, ఇది చూపించు, అది చూపించు అని విప్పించినవాడికి చివరికి మొహమాటమైనా పుడుతుందని వాళ్ల నాన్న అనేవాడు. మగ్గంతో పాటు ఈ మాట కూడా రాజమౌళికి వారసత్వంగా వచ్చింది. మగ్గం అన్నం పెట్టింది. ఈ మాట మాత్రం నలభై ఏడేళ్ల వయసులో మనిషిని నిలువునా ముంచింది.

ఆయన వేలానికి పెట్టింది తాతల నాటి చీర. తాత వెంకటయ్య తన భార్య జమ్ములమ్మ కోసం నేసిన చీర అది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, కొంగు మీద హంసల బారు. ఆ బారులో ఏడో హంసకు కన్ను లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. చీర మరీ నిండుగా కుదిరితే కట్టుకున్నదానికి దిష్టి తగులుతుందని వెంకటయ్య ఎక్కడో ఒక చోట లోపం ఉంచేవాడు. అది ఆ ఇంటి ఆనవాయితీ.

అంత చీరను అమ్మడమెందుకని మీరడగవచ్చు. పద్మజ కూడా అడిగింది, ఆయన భార్య. ఇరవై రెండేళ్లుగా రాజమౌళి నేస్తున్నది మల్లికార్జున్ సేటు ఇచ్చిన పట్టు, సేటు ఇచ్చిన జరీ, సేటు చెప్పిన డిజైన్. కూలి ఈయనకు, చీర సేటుకు. ఈ పాత చీర మంచి ధరకు పోతే సొంతంగా పట్టూ జరీ కొనుక్కుని, తాత హంసలను మళ్లీ తన మగ్గం మీద ఎక్కించాలన్నది ఆశ. హంసల నమూనా కాగితం మీద గీసి బీరువాలో దాచుకున్నాడు కూడా. ఆ బారు ఇప్పుడు ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.

"ఒక్క చీరన్నా నాది అని చెప్పుకోవాలె పద్మజా" అన్నాడు. ఆమె బీరువా తెరిచి చీర తీసి ఇచ్చింది.

పాత వస్తువులు వేలం వేసే యాప్‌ను ఫోన్‌లో ఎక్కించింది పద్మజ తమ్ముడు వినయ్. వనపర్తిలో కొరియర్ ఆఫీసులో పని, పాత నాణేలు, స్టాంపులు అమ్మడం సరదా. పది రోజుల వేలం పెట్టి, ఫోటో కింద ఉన్న మూడు గుర్తులు బావకు చూపించాడు. కన్ను గుర్తు పక్కన ఎన్నిసార్లు చూశారో ఆ అంకె, గుండె గుర్తు పక్కన ఎందరు గుర్తుపెట్టుకున్నారో ఆ అంకె, చివరన ఎన్ని పాటలు వచ్చాయో ఆ అంకె. చివరి అంకెనే చూడు బావా అని చెప్పి బస్సెక్కాడు. చెప్పినవాడి మాట వింటే ఈ కథే లేదు.

మర్నాడు పొద్దునకు కన్ను గుర్తు పక్కన మూడు వందల పది. రాజమౌళికి కాళ్లు నేల మీద నిలవలేదు. మూడు వందల పది మంది తన గడప తొక్కి, చాప మీద కూర్చుని, కొంగు విప్పించుకుని చూసినట్టే లెక్క వేసుకున్నాడు. పాట ఒక్కటీ రాలేదు కదా అంటే, మొహమాటం ముదరాలి అన్నాడు. ముదిరే లోపల ధర పెంచాడు. నాలుగో రోజుకు అంకె తొమ్మిది వందలు దాటింది. మళ్లీ పెంచాడు. పాట ఒక్కటైనా రాకముందు మొదటి ధర ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చట, ఆ వసతి ఈయన ప్రాణానికే వచ్చింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది పద్మజ బాబిన్లు చుడుతూ. ఆయన వినిపించుకోలేదు. పోగు తెగితే అతికి ఫోన్ చూడటం, పోగు చుట్టిన కండె మారిస్తే ఫోన్ చూడటం. వారంలో దిగాల్సిన చీర సగంలోనే ఉంది.

ఐదో రోజు ప్రశ్నలు మొదలయ్యాయి. పేరు పెట్టుకోని మనిషొకరు అంచు దగ్గర నుంచి తీసిన ఫోటో కావాలన్నారు. పెట్టాడు. వెనక వైపు చూపించమన్నారు. రాజమౌళి పొంగిపోయాడు. చీర సంగతి తిరగేస్తేనే తెలుస్తుందని ఎరిగినవాడెవడో తగిలాడు, వీడే కొనేది అనుకున్నాడు. కొంగు పక్కన స్కేలు పెట్టి తీయమన్నారు. పగటి వెలుగులో గడప ముందు చీర పరిచి, ఇనుప స్కేలు ఆనించి, జానెడు జానెడుకు పన్నెండు ఫోటోలు తీసి పెట్టాడు. పోగులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. అంకె పదిహేను వందలైంది.

అదే రోజు బెంగళూరు నుంచి రోహిణి అనే ఆవిడ కూడా అడిగింది. మడతల దగ్గర ఎక్కడైనా విరిగిందా, కలరా ఉండల వాసన ఉందా, బెంగళూరుకు పంపితే తడవకుండా కడతారా అని. మొదట పెట్టిన ధరకు దించితే పాట పాడతానని కూడా రాసింది. రాజమౌళికి ఒళ్లు మండింది. నేత గురించి ఒక్క మాట లేదు, అంచు గురించి లేదు, వాసన అడుగుతుందా! పదిహేను వందల మంది వరసలో ఉండగా ఈమె ఎంత అనుకుని జవాబే ఇవ్వలేదు.

ఆదివారం వినయ్ వచ్చి ఫోన్ చూసి తల పట్టుకున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"బావా, గణపతి లడ్డూ వేలం కాడ ఎంతమంది నిలబడ్తరు? వాడకట్టంత వస్తది. పాట పాడేది ఎందరు? ఇద్దరో ముగ్గురో. మిగిలినోళ్లంత పులిహోరకు వచ్చినోళ్లే."

ఒకే మనిషి పదిసార్లు తెరిస్తే అంకె పది పెరుగుతుందన్నాడు. పద్మజ ఆ లింకును చుట్టాల గ్రూపులో పెట్టింది కనుక మానవపాడు నుంచి అలంపూర్ దాకా మేనత్తలూ పినతల్లులూ తెరిచింది కూడా అందులోనే ఉందన్నాడు. గుండె గుర్తు నొక్కినవాళ్లలో సగం మంది తమ ఇంట్లో ఉన్న చీరకు ధరెంత వస్తుందో తెలుసుకోవడానికే కాచుకుంటారన్నాడు. తర్వాత ప్రశ్నలన్నీ చదివాడు.

"చిరిగిందా, ఎట్ల పంపుతవ్ అని అడిగినామె కొనేటామె బావా. ఇంటికి తెచ్చుకునేటోళ్లకే ఆ ఫికరు ఉంటది. స్కేల్ పెట్టి చూపియ్యమన్నోడు కొనేటోడు గాదు."

"మరి ఆనికి స్కేల్ ఎందుకు?"

"గది నాకు తెల్వదు" అన్నాడు వినయ్.

రాజమౌళికి కోపం వచ్చింది. నాణేలమ్మేవాడికి చీరల సంగతేం తెలుసని విసుక్కున్నాడు. ధర మాత్రం దించలేదు. పెంచిన ధర దించితే చూసినవాళ్లంతా నవ్వుతారని ఆయన బాధ. చూసినవాళ్లెవరో ఆయనకు తెలిస్తే కదా!

పదో రోజు సాయంత్రం ఆరింటికి వేలం ముగిసింది. చూపులు రెండు వేల మూడు వందల పద్దెనిమిది. గుండెలు నలభై ఒకటి. పాటలు సున్నా. సున్నా పక్కన సున్నా పెట్టినా సున్నానే కదా, ఎంతసేపు చూసినా అది మారలేదు. అప్పటికప్పుడు పద్మజ చేత బెంగళూరు ఆవిడకు రాయించాడు, మొదటి ధరకే ఇస్తామని. పావుగంటలో జవాబు వచ్చింది. మీరు బదులివ్వకపోతే వేరే పాత చీర తీసుకున్నానండీ, ఇప్పట్లో ఇంకొకటి కొనలేను, ఏమనుకోకండి అని. మర్యాదగా రాసింది. ఆ మర్యాదే ఆయనకు గుచ్చుకుంది. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

నాలుగు రోజులు గడిచినా మగ్గం మీది చీర ఇంకా సగంలోనే ఉంది. మల్లికార్జున్ సేటు స్వయంగా వచ్చాడు, చేతిలో కొత్త డిజైన్ గ్రాఫ్ కాగితం, వెనకాల మనిషి నెత్తిన ఆ డిజైన్‌ను మగ్గానికి ఎక్కించే చిల్లుల జకార్డు అట్టలు. కొత్త సరుకు, హైదరాబాద్ షాపులవాళ్లు యాభై చీరలు చెప్పారు, మొదటిది నీ చేత్తోనే దిగాలి అన్నాడు. రాజమౌళి కాగితం విప్పాడు. హంసల బారు. కొంగు చివర నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఏడో హంసకు కన్ను లేదు.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "సేటూ, ఈ హంసకు కన్ను లేదు."

మల్లికార్జున్ ఫోన్ తీసి చూసుకున్నాడు. దాచుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆ మనిషికి.

"ఫోటోల గట్లనే ఉన్నది. గట్లనే నెయ్యి. అయినా నువ్వు మంచిగ తీసినవ్ రాజమౌళీ. స్కేల్ పెట్టమంటే పెట్టినవ్, ఎనక దిక్కు చూపియ్యమంటే చూపిచ్చినవ్. డిజైన్ గీసేటోడైతే నలభై సార్లు చూసిండు, నేనో నలభై సార్లు చూసిన."

పేరు లేని మనిషి అలా ఎదురుగా నిలబడి, మగ్గం మీది సగం చీరను తడిమి, తొందరగా దించు అని చెప్పి వెళ్లాడు. రాజమౌళి ఏమనాలి? అది మా తాతది అనాలా? తాత ఎక్కడా సంతకం పెట్టలేదు. వేలానికి పెట్టి ఊరందరికీ చూపించింది తనే. పన్నెండు ఫోటోలు తీసిన చేతులు ఈయనవే. బీరువాలో దాచిన కాగితం తీసి చూసుకున్నాడు. సేటు కాగితం కంటే అదే తప్పుగా ఉన్నట్టనిపించింది. "నా బుద్ధికి చెప్పుతో కొట్టాలె" అన్నాడు. పద్మజ ఆ కాగితం తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టింది, పైన తాత చీర కప్పి.

నేయక తప్పలేదు. వేరే డిజైన్ ఇవ్వమంటే వేరే నేతగాడిని చూసుకుంటానని సేటు కబురు పెట్టాడు. మగ్గం మీది చీర ముగించి దింపి, కొత్తది ఎక్కించి, కూలికి తాత హంసలను నేశాడు రాజమౌళి. ఒక్కొక్క హంస దిగుతుంటే ఒక్కొక్క బూతు వినిపించేది మగ్గం గుంటలోంచి. ఏడో హంస దగ్గర మాత్రం శబ్దం ఆగింది. పద్మజ వంగి చూసింది. ఆయన నల్లపట్టు పోగొకటి తీసుకుని, అట్టలతో పని లేకుండా చేత్తోనే దూర్చి, ఆ హంసకు కన్ను పెడుతున్నాడు.

"కాగితంల లేదు గద" అంది ఆమె.

"కన్ను లేని హంస మా నాయనమ్మ చీర మీదనే ఉండాలె. వీనికెందుకు?"

"సేటు చూస్తే?"

"చూడనీ" అన్నాడు రాజమౌళి పోగు ముడివేస్తూ. "చూసుడు ఒక్కటే గద వానికొచ్చింది."