సాక్ష్యంలో చెప్పని మాత్ర

ఎన్నో ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పేరు చెప్పను. నేను రిటైరైన ప్రధానోపాధ్యాయురాలిని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. వాన పడ్డ రోజు, పత్తికి పురుగు పట్టిన రోజు, చుట్టాలొచ్చిన రోజు అన్నీ అందులో ఉంటాయి. ఇది మాత్రం లేదు. నా చేత్తో రాసుకోవడానికే సిగ్గుపడ్డాను.

ముట్టు ఆగే వయసులో నాకు ఒంట్లోంచి సెగలు లేచేవి. పాఠం చెబుతుండగానే జాకెట్టు తడిసిపోయేది. నిద్ర లేదు. పిల్లల మీద ఊరికే విసుక్కునేదాన్ని. గుంటూరులో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, హార్మోను మాత్రలతో మేలేమిటో ప్రమాదమేమిటో రెండూ విప్పి చెప్పింది. ఆలోచించుకునే మొదలుపెట్టాను. కొన్ని వారాలకు మళ్ళీ మనిషినయ్యాను.

కానీ అప్పటికే నా భర్త పోయాడు. మొగుడు లేనిదానికి ఆ మాత్రలెందుకని ఊరంతా నవ్వుతుందని భయం. అందుకే పొన్నూరు వెళ్ళి కొనుక్కునేదాన్ని. ఎవరైనా చూస్తే బీపీ మాత్రలనేదాన్ని.

మా చర్చి స్త్రీల కూడికలో స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఒకసారి పాస్టరమ్మగారు నా ముఖం తేటపడిందని లేవమన్నారు. లేచాను. ప్రార్థన చేశాను, ప్రభువు నా మంటలు చల్లార్చాడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ప్రార్థన చేసిన మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండో నిజాన్ని దాచాను. పిల్లలు ఇలా చేస్తే నేను ఊరుకునేదాన్నా?

తర్వాత కొన్నేళ్ళకు మా తమ్ముడి భార్య సువార్తకు అవే మంటలు మొదలయ్యాయి. ఆమెది కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పని. బయట కారం ఘాటు, లోపల ఈ సెగ. ఒకరోజు డాక్టరమ్మ రాసిన చీటీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“వదినా, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంట. మంచీ చెడూ చెప్పి నీ ఇష్టమంది. ఏసుకోమంటావా?”

“నన్నెందుకే అడుగుతావు?”

“నువ్వేం ఏసుకోకుండానే తగ్గించుకున్నావుగా! నీదంటే దేవుడి దగ్గర ఫస్టు ర్యాంకు. మాది అటెండెన్సే పడదాయె.” నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, “నిజం చెప్పు వదినా, ప్రార్థనకే తగ్గిందా?” అంది.

మాత్రల పెట్టె నా వెనక బీరువాలోనే ఉంది.

“ప్రార్థనకే,” అన్నాను.

చీటీ మడిచి బైబిల్లో పెట్టుకుంది. శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి. పనిలో ఒకనాడు మేస్త్రీ మీద తట్ట విసిరేసిందట, ఇక రావద్దన్నారు. దానికి పిచ్చి పట్టిందక్కా అని మా తమ్ముడు నా దగ్గరే వాపోయాడు. అప్పుడైనా నోరు తెరవచ్చు కదా? తెరవలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు గుమ్మంలో జారిపడి తుంటి విరిగింది. ముట్టు ఆగాక ఎముకలు గుల్లబారాయన్నారు, ఆ మాత్రలు ఎముకలకూ కాపేనట. ఇప్పుడు వాకర్ లేనిదే అడుగు పడదు. ఆ మాత్రలు మొదలుపెట్టే వయసు కూడా దాటిపోయిందన్నారు.

ఆ మాత్రలు వాడి ఉంటే ఎముక విరిగేది కాదని ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడు, నిజమే. ఎన్నో రాత్రులు ఆ మాటనే పట్టుకుని నన్ను నేను విడిపించుకోవాలని చూశాను. కుదరలేదు. మేలూ కీడూ తూచుకునే హక్కు ఆమెది. ఆ తక్కెడలో నా అబద్ధం వేశాను.

మొన్న చూడబోతే నా చెయ్యి పట్టుకుంది. “నా విశ్వాసమే చాల్లేదు వదినా,” అంది. తన కోసం ప్రార్థన చేయమంది. చేశాను. ఆమెన్ అని గట్టిగా పలికింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. మీ ముందు మాత్రం ఆ వాక్యం రాస్తున్నాను. రాస్తుంటే గుండె కాస్త తెరిపిన పడింది.

నేను మాత్రలు వేసుకున్నాను, సువార్తా.