కోర్టు వెనక సందులో ఒక శనివారం

అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా ఇంటి నుంచి పావుగంట డ్రైవ్ చేస్తే లీస్‌బర్గ్ పాత పేట వస్తుంది. మా వైపు అన్నీ కొత్తవే. ఇళ్లు కొత్తవి, చెట్లు కొత్తవి, కిటికీల్లేని డేటా సెంటర్లు మరీ కొత్తవి. పాత పేటలో ఇటుక పేవ్‌మెంట్లు చెట్ల వేళ్లకి ఉబ్బి ఉంటాయి. మెట్లు మధ్యలో అరిగి దొన్నెల్లా ఉంటాయి. వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి.

విజయవాడలో పద్దెనిమిదేళ్లు దినపత్రికలో పనిచేశాను. ఊరికే తిరగడం అప్పుడు డ్యూటీ, ఇప్పుడు అలవాటు. మా ఆయన ఆఫీసుకి వెళ్లాక మంగళవారమో బుధవారమో కారు తీసుకుని పాత పేటకి పోతాను. అక్కడ ఒక హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఒక్క మేకు అడిగినా ఇస్తారు. కాకపోతే ఏ గోడకో, ఏం తగిలిస్తున్నామో చెప్పాలి. విని, మనం అడిగింది కాకుండా వేరేది ఇస్తారు. దాని పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయన. ఆయన కొట్టులో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవు. టైమెంతని అడిగితే జేబులోంచి ఫోన్ తీసి చూస్తాడు. ఎదురుగా నేలమాళిగలో పాత పుస్తకాల కొట్టు. అక్కడ వంట పుస్తకాల అర నాకిష్టం. ఎవరో ఇల్లాలు ఎప్పుడో పెన్సిల్‌తో 'ఇంత చక్కెర ఎవరు తింటారు' అని రాసిన పేజీ కోసమే ఒక పుస్తకం కొన్నాను.

వీటన్నిటికంటే ఇష్టమైనది కోర్టు వెనక సందులో ఉన్న చిన్న కాఫీ కొట్టు. ఏడు బల్లలు. నేల ఒక పక్కకి వాలి ఉంటుంది, కప్పు నిండా కాఫీ పోస్తే అటువైపు ఒలుకుతుంది. నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. గొంతు పెద్దది. జడ్జీని, నన్ను, పోస్టు తెచ్చే ఆయన్ని ఒకే పిలుపుతో 'హనీ' అంటుంది. ఆవిడ చేసే నిమ్మకాయ 'పై', అదే పుల్లతీపి గుజ్జు నింపిన కేకులాంటిది, తిన్నవాళ్లు పళ్లెం గీకందే లేవరు.

మొన్న వేసవిలో ఒక బుధవారం ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"లీజు అయిపోవస్తోంది హనీ. ఈ నెలాఖరులోగా ఉంటానో పోతానో చెప్పమంటున్నాడు బిల్డింగ్ ఓనరు" అంది.

"ఉండక?"

"వారమంతా కోర్టు వాళ్లు తింటారు. శనివారం కోర్టుండదు. టూరిస్టులు పెద్దవీధి దాటి ఈ సందులోకి రారు. శనివారాలు ఖాళీ బల్లల్ని చూస్తూ నిలబడే ఓపిక నాకు లేదు. నెలాఖరులోగా ఒక్క శనివారమైనా నిండితే ఇంకో ఏడాది చూస్తా. లేదంటే మూసేసి కరోలినాలో మా చెల్లి దగ్గరికి పోతా."

ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టాను. మా తెలుగు సంఘం వాళ్లు నెలనెలా ఒక పత్రిక ఈమెయిల్‌లో పంపుతారు. 'లీస్‌బర్గ్‌లో చూడదగ్గ మూలలు' అని రెండు పేజీలు ఇచ్చాను. వివరాలన్నీ సరిచూశాను. ఎన్నింటికి తెరుస్తారో, పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందో, పిల్లలకి కుర్చీలున్నాయో లేదో. ఆఖరు పేరాలో కాఫీ కొట్టు గురించి రాసి, 'శనివారం పొద్దున వెళ్తే హాయిగా కూర్చోవచ్చు' అని ముగించాను. ఆవిడకీ ముందే చెప్పాను, మావాళ్లు వస్తారని. అమ్మకానికి రెట్టింపు చేసి పెట్టుకోమన్నాను.

వచ్చారు. నెలలో చివరి శనివారం తొమ్మిదిన్నరకి నేను వెళ్లేసరికి సందు నిండా మా ఆష్‌బర్న్ కార్లు. లోపల ఏడు బల్లలూ నిండి, గోడ వారగా కూడా నిలబడ్డారు. పిల్లలు వాలు నేల మీద బొమ్మకార్లు వదిలి అవి తమంతట అవి పోవడం చూస్తున్నారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. గాజు అర వెనక నిమ్మకాయ పైలు, చాక్లెట్ కేకులు, మఫిన్లు వరసలు కట్టి ఉన్నాయి.

పదింటికీ అవి అలాగే ఉన్నాయి.

"ఏమండీ, కేక్ తీసుకోలేదా?" అని గోడకి ఆనుకున్న ఒకాయన్ని అడిగాను. సంఘంలో నాటకాలు వేయించేది ఆయనే.

"శనివారం కదండీ. ఎగ్ ఉంటుందిగా."

పక్కాయన కాఫీ కప్పు ఎత్తి చూపించి, "మాకూ అంతే మేడమ్. బాగుంది కొట్టు. మ్యూజియంలా ఉంది. అన్నీ అద్దం వెనకాల నుంచి చూసి పోవడమే" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆదివారం ఆమ్లెట్ వేసుకునే ఇళ్లలో కూడా శనివారం వెంకటేశ్వరస్వామి రోజని గుడ్డు ముట్టుకోరు. మా ఇంట్లో ఆ పట్టింపు లేదు. అందుకే తట్టలేదు. పార్కింగ్ గురించి రెండుసార్లు కనుక్కున్నాను కానీ ఎవరికోసం రాస్తున్నానో ఒక్కసారీ ఆలోచించలేదు. పత్రిక డెస్కులో వార్తలు దిద్దే రోజుల్లో ఎవరైనా ఇలా రాసిస్తే కాగితం మొహాన కొట్టేదాన్ని.

కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆవిడకి నెమ్మదిగా విషయం చెప్పాను.

"ఒక్క శనివారమేనా?"

"ఒక్క శనివారమే."

"నిన్న తిన్నారు, రేపు తింటారు?"

"అవును."

ఆవిడ నిండిన బల్లల వైపు చూసింది, నిండిన అర వైపు చూసింది. "బల్లలు నిండాలనే అన్నాన్లే" అంది. చెయ్యి తుడుచుకుంటున్న గుడ్డని కౌంటర్ మీద పెట్టేసింది.

అంతలో మా స్నేహితురాలు వచ్చింది. కరీంనగర్ పిల్ల. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదిహేనేళ్లుగా ఇతరుల తప్పులు పడుతోంది. నేరుగా కౌంటర్ మీదకి వంగి, వేలితో చూపిస్తూ నన్నడిగింది.

"అక్కా, గా కింద ట్రేలేంది? గుడ్డ కప్పిన్రు?"

"బిస్కెట్లు హనీ" అంది ఆవిడ. "వారంలో కోర్టు వాళ్లకి హ్యామ్ పెట్టి ఇస్తా. శనివారం ఉత్తవే చేస్తా, పక్కన హార్డ్‌వేర్ వాళ్లకీ గడియారాలాయనకీ. అవి కేకులు కావు."

ఇక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు. మెత్తగా, పొరలు పొరలుగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. మధ్యలో పెట్టే హ్యామ్ పందిమాంసం.

"ఎగ్ ఉందా?" అడిగాను.

"బిస్కెట్‌లో గుడ్డెవరు వేస్తారు? పిండి, వెన్న, మజ్జిగ."

"పందికొవ్వు?"

"మా అమ్మ వేసేది. నేను వెన్నే వేస్తా."

"హ్యామ్ పెట్టిన ట్రేనా?"

"కొత్త ట్రే. హ్యామ్ ఇవాళ ఫ్రిజ్‌లోంచి బయటికే రాలేదు. నువ్వు పోలీసు ఉద్యోగం చేసేదానివా?"

"పేపర్‌లో."

"అంతకంటే ఎక్కువే."

నా స్నేహితురాలు అప్పటికే వెనక్కి తిరిగింది. "వినుండ్రి! గుడ్డు లేదు, కొవ్వు లేదు, మజ్జిగతో చేసిందట!" అని కేకేసింది.

"మజ్జిగా? ముందే చెప్పరేంటండీ!" మ్యూజియం ఆయనే ముందు కదిలాడు. లైను కట్టారు. మొదటి ట్రే ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తేనె, జామ్ బల్లల మీదకి వెళ్లాయి. "కారంగా ఏమన్నా ఉందా?" అని ఎవరో అడిగితే ఆవిడ లోపలి నుంచి మిరపకాయల జెల్లీ సీసా తెచ్చింది. తియ్యగా మొదలై నాలిక చివర మండుతుంది. అది మళ్లీ కౌంటర్ దగ్గరికి రాలేదు, బల్ల బల్లకీ చేతులు మారుతూ తిరిగింది. నాటకాలాయన మూడో బిస్కెట్ విరుస్తూ, "ఏమండీ, రొట్టెకి అమెరికాలో చుట్టాలున్నారన్నమాట" అన్నాడు. ఆవిడ పిండి చేతులతో రెండో ట్రే పెట్టింది, మూడోది పెట్టింది. గడియారాలాయన తన వాటా కోసం వచ్చి లైను చూసి చివర నిలబడ్డాడు.

పన్నెండింటికి మజ్జిగ అయిపోయింది. అందరూ వెళ్లాక ఆవిడ వచ్చి నా ఎదురుగా కూలబడింది. జుట్టులో కూడా పిండే.

"ఇంకే రోజుల్లో తినరు మీవాళ్లు?"

"కొందరు సోమవారం, కొందరు మంగళవారం. గురువారం తినని వాళ్లూ ఉన్నారు."

"మరి తినేదెప్పుడు?"

"ఆదివారం."

"ఆదివారం నేను తెరవను" అని పగలబడి నవ్వింది. లేచి లోపలికి వెళ్లి పెన్సిలు, ఆర్డర్లు రాసే పుస్తకం తెచ్చుకుంది. శనివారం ఎదురుగా 'బిస్కెట్లు, ఎనిమిది ట్రేలు' అని రాసింది. నేను చెప్పక తప్పలేదు, కార్తీకమని ఒక నెల ఉందని, కొన్ని ఇళ్లలో ఆ నెలంతా గుడ్డు ముట్టరని.

"నెలంతానా? ఎప్పుడు?"

"చలి మొదలయ్యేటప్పుడు. ఏటా ఒకే తేదీకి రాదు, చంద్రుణ్ణి బట్టి మారుతుంది."

"ఈ ఏడాదిది సరే" అంది, పెన్సిల్‌తో చెంప గోక్కుంటూ. "వచ్చే ఏడాది ఎప్పుడొస్తుందో అది కూడా కనుక్కుని చెప్పు."