మిసిసిపీ ఒడ్డున నేను వండిన చేపల పులుసు

ఒక పెద్ద చేపను, ఒక చిన్న ఊరి పండగ భోజనాన్ని, నా పరువును ఒకే గిన్నెలో వేసి ఉడకబెట్టి పాడుచేసిన వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉంది. ఆ ఒడ్డున ఊళ్లు చాలా ఉన్నాయి కనక నన్నెవరూ పట్టుకోలేరని ధైర్యం.

అది 1982. నాకు ఇరవయ్యేడేళ్లు. షికాగో శివార్లలో ఒక కంపెనీలో బల్ల ముందు కూర్చుని నీటి పంపుల బొమ్మలు గీసే ఇంజనీరుని. పుట్టి పెరిగింది రాజమండ్రిలో. అమెరికా వచ్చిన రెండేళ్లలో నాకు లోటుగా తోచింది అన్నం కాదు, ఆవకాయ కాదు, నది. షికాగోలో సరస్సు ఉంది, సముద్రమంత. కానీ అది ఎక్కడికీ పోదు. అన్ని నీళ్లు ఒకేచోట కూర్చుని ఉంటే, గోదావరి గట్టుమీద పెరిగినవాడికి రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది. అందుకని సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకు ముందు రెండు రోజులు లీవు పెట్టి, నా పాత కారు డ్రైవ్ చేసుకుంటూ మిసిసిపీని చూడ్డానికి బయల్దేరాను.

గురువారం మధ్యాహ్నానికి చూశాను. ఊరు సగం కొండమీద, సగం నీళ్ల పక్కన. ఎర్ర ఇటుకల గోదాములు, మొక్కజొన్నలు నింపే ఎత్తయిన సిమెంటు గాదెలు, వాటి కింద నింపాదిగా పోతున్న గోధుమరంగు నది. సరుకు నింపిన పదిహేను బార్జీలను ఒకదానికొకటి కట్టి, ఒక్క పడవ వెనకనుంచి తోసుకుపోతోంది. నా కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతవరకూ నా తప్పేమీ లేదని పాఠకులు గమనించాలి.

తప్పు ఆకలితో మొదలైంది. రేవు పక్కన బెట్టీ అనే ఆవిడ నడిపే చిన్న హోటల్లోకి వెళ్లాను. నేను శుద్ధ శాకాహారిని. మా ఇంట్లో ఎవరైనా కోడిగుడ్డు మాట ఎత్తితే చాలు, మా నాయనమ్మ వంటిల్లు కడిగించేది. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో మాంసం తిననని చెబితే, పాపం వంట్లో బాగోలేదేమో అనుకుని చికెన్ సూప్ తెచ్చిపెట్టేవారు. అందుకని నేను వివరాల జోలికి పోకుండా ఎక్కడికెళ్లినా చీజ్ శాండ్‌విచ్ చెప్పేవాణ్ని. ఇక్కడా అదే చెప్పాను. సాయంత్రం మళ్లీ వెళ్లి అదే చెప్పాను.

పక్క స్టూలు మీద వాల్ట్ అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ బార్జీలను తోసే పడవలకు ముప్పయ్యేళ్లు పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. నాది ఏ ఊరని అడిగాడు. నది పక్క ఊరని చెప్పాను. ఎంత వెడల్పని అడిగాడు. మా ఊరి దగ్గర రైలు బ్రిడ్జి పొడుగు చెప్పాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు. అక్కడితో ఆపి లేచి వచ్చేస్తే ఈ కథ లేదు.

“అంత నది పక్కన పుట్టినవాడివి, మధ్యాహ్నం నుంచి జున్నుముక్కలు తింటున్నావేం? ఇక్కడ చేప బాగుంటుంది” అన్నాడు వాల్ట్.

నేను చేపలు తిననని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ ఆ గౌరవం చూపు ఇంకా నా మీదే ఉంది. నది మనిషిననిపించుకుని రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే ఆ ఉద్యోగం ఊడగొట్టుకోవడానికి మనసొప్పలేదు. అందుకని ఇలా అన్నాను:

“మా గోదావరిలో పులస అని ఒక చేప ఉంది. అది తిన్న నోటికి ఇంకో చేప సయించదు.”

స్టూళ్లు నా వైపు తిరిగాయి. ఇంక నన్ను ఎవరాపుతారు? పులస సముద్రంలోంచి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి ఎలా వస్తుందో, ఆ ఎర్రనీళ్లలో దాని ఉప్పంతా ఎలా పోతుందో చెప్పాను. మట్టిదాకలో, సన్నసెగ మీద, బెండకాయలూ పచ్చిమిరపకాయలూ వేసి పులుసు ఎలా పెడతారో చెప్పాను. ఆ పులుసు ఆ పూట తినకూడదని, మర్నాడు తినాలని కూడా చెప్పాను. ఇదంతా నేను తిని చెప్పలేదు. వరదల కాలంలో రాజమండ్రిలో మంగలి షాపులో కూర్చున్నా, సినిమా క్యూలో నిలబడ్డా చెవిలో పడేది ఇదే. పదిహేనేళ్లు విన్నదంతా అరగంటలో వాళ్ల ముందు కుమ్మరించాను. బెట్టీ కాఫీ పోయడం మరిచిపోయి కెటిల్ పట్టుకుని నిలబడింది.

నేను ముగించాక ఆవిడే అంది, శనివారం ఊళ్లో నది పండగని, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పార్కులో ఊరందరికీ చేపల భోజనం పెడతారని. ఏటా వేయించిన చేపలేనట. ఈసారి నా చేత ఆ పులుసు చేయిస్తే ఎలా ఉంటుందని అడిగింది. అయ్యో, ఇక్కడ పులస దొరకదు కదా అని నేను ఎంతో బాధపడ్డాను. లోపల మాత్రం గొప్ప ఉపశమనం.

“చేప సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు వాల్ట్.

ఇలాంటివి తెల్లారేసరికి మరిచిపోతారనుకున్నాను. శుక్రవారం పొద్దున్నే వాల్ట్ నా మోటెల్ తలుపు కొట్టి రేవుకి తీసుకెళ్లాడు. చెక్కల వంతెన కింద తాడుకి కట్టిన క్యాట్‌ఫిష్ ఒకటి నీళ్లలో మెల్లగా తోక ఆడిస్తోంది. మన వాలుగలా మీసాలున్న చేప. పొడుగు దాదాపు నా నడుం దాకా వస్తుంది. ఒక పాత రేవు స్తంభాల కింద నక్కి ఉండే ఆ చేప కోసం మూడు వేసవులుగా ప్రయత్నిస్తున్నాడట వాల్ట్. మొన్న మంగళవారమే పడింది. పండగలో అందరిముందూ తూకం వేయించి, ఫోటో తీయించుకుని, గోడకి తగిలించుకుందామనుకున్నాడట.

“గోడకెందుకులే అనిపించింది, నువ్వు చెప్పింది విన్నాక” అన్నాడు.

ఆ చేప నన్ను చూసింది. నేను చేపను చూశాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పడం కష్టం. నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. నేను గొంతు సవరించుకుని, “చాలా మంచి చేప” అన్నాను.

ఆ మధ్యాహ్నం బెట్టీ వంటింట్లోని ఫోను తీసుకుని షికాగోకి ట్రంకు కాల్ చేశాను. నా స్నేహితుడు ప్రసాదుది కాకినాడ. అతని భార్య లక్ష్మి చేపల పులుసు పెడితే వాళ్ల అపార్ట్‌మెంటులో మూడంతస్తులకూ తెలిసేది. ఆ పులుసు ఎలా పెట్టాలో చెప్పమని ఆవిడను అడిగాను.

“అదేంటండీ అన్నయ్యగారూ, మీరు ఫిష్ వండడమేంటండీ?”

నేను కాదని, ఇక్కడొకాయన ట్రై చేస్తానంటే అడుగుతున్నానని అన్నాను. ఒకసారి అబద్ధం మొదలుపెట్టాక రెండోది ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. ఆవిడ ఉల్లిపాయల దగ్గరనుంచి వరసగా చెప్పింది. ముక్కలు ముల్లుతోనే కోయించమంది. “పులుసు మరిగాక ముక్కలేసి ఓ పావుగంట ఉడకనిస్తే చాలండి. మిగతాది అందరికీ తెలిసిందే కదండీ” అంది. నేనూ తెలిసినట్టే ఊఁ కొట్టి ఫోను పెట్టేశాను.

చింతపండు ఆ ఊళ్లో ఎక్కడా లేదు. పుల్లటిది ఏదైనా ఉందా అని అడిగితే, బెట్టీ తన ఫ్రీజర్‌లోంచి రూబార్బ్ అనే ఎర్రటి కాడలు రెండు పెద్ద సంచులు తీసింది. వాళ్లు దాంతో తీపి వంటలు చేసుకుంటారు. కొరికి చూస్తే మన గోంగూరకు దూరపు చుట్టంలా ఉంది. సరే అన్నాను. ఆ దశలో నేను దేనికైనా సరే అనే స్థితిలో ఉన్నాను.

శనివారం పొద్దున పార్కులో, నది పక్కన, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మొక్కజొన్న పొత్తులు ఉడికించే పెద్ద కళాయి పొయ్యి మీదకెక్కించారు. మన పెళ్లి గుండిగలు దాని ముందు పిడతలు. కలపడానికి అంత పొడుగు గరిట లేదని, కొత్త పడవ తెడ్డు ఒకటి కడిగి నా చేతికిచ్చారు. తెలుగులో పడవ నడిపేదీ తెడ్డే, వంట కలిపేదీ తెడ్డే. ఆ విషయం వాళ్లకు వివరించాను. అందరూ తలలూపారు. నాకు హుషారొచ్చింది.

ఉల్లిపాయలు వేగాయి. రూబార్బ్ కరిగింది. వాల్ట్ తన చేపను తనే కోసి, ముక్కలు రెండు పళ్లేల్లో పేర్చి, పెళ్లికూతుర్ని అప్పగించినట్టు అప్పగించాడు. నేను మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి కళాయిలో వేశాను. మిగతావాళ్లు తెచ్చిన చేపలూ వేశారు.

ఇప్పుడు ఎంతసేపు ఉడకాలన్నది ప్రశ్న. లక్ష్మిగారి గిన్నెకు పావుగంట. ఈ కళాయి దానికి ఇరవై రెట్లు. ఇంజనీరుని కదా, లెక్క కట్టాను. అయిదు గంటలు వచ్చింది. అది మరీ ఎక్కువనిపించి, పెద్దమనసుతో తగ్గించి గంటన్నర అన్నాను. ఆ గంటన్నరా తెడ్డు వదల్లేదు. మా అమ్మ పప్పుపులుసు పెట్టేటప్పుడు అడుగంటకుండా కలుపుతూనే ఉండమని నాకు నేర్పింది. నాకు తెలిసిన పాకశాస్త్రం అదొక్కటే. అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి, చెమటలు కారుతుంటే, గోదావరికి అడ్డంగా పడవ నడుపుతున్నవాడిలా కలిపాను. చుట్టూ చేరిన జనం నా శ్రద్ధ మెచ్చుకున్నారు.

చేపల పులుసు పెట్టడం తెలిసిన పాఠకులు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. నన్ను క్షమించండి.

పన్నెండింటికి కాగితం పళ్లేలు పట్టుకుని జనం వరస కట్టారు. వాల్ట్ చొక్కా మార్చుకుని వచ్చి అందరికన్నా ముందు నిలబడ్డాడు. నేను తెడ్డు లోపలికి దించి పైకెత్తాను. ఒక వెన్నెముక వచ్చింది. మళ్లీ దించాను. ముళ్లు వచ్చాయి. చేప లేదు. మూడు వేసవుల చేప ఎక్కడా లేదు. వరద రోజుల గోదావరిలా, ఎర్రగా, చిక్కగా, బుడగలు వేస్తూ ఏదో ఉంది అంతే.

వాల్ట్ వంగి కళాయిలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చెంచా తీసి నా చేతికిచ్చాడు.

“మా పడవల మీద వండినవాడు ముందు తింటాడు” అన్నాడు.

చెంచా నోటిదాకా తెచ్చాను. కళ్లముందు మా నాయనమ్మ కనిపించింది. దించేశాను.

“వాల్ట్, నేను పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చేప తినలేదు.”

“మరి పులస?”

“విన్నాను.”

వెనక వరసలో ఎవరో దగ్గారు. నది మీద ఒక పడవ కూత వేసింది. నా కళ్లు నేలమీద ఉన్నాయి. ఆ చేప ముందు నిలబడి వాల్ట్ ఫోటో కూడా తీయించుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తిట్టినా బాగుండేది. ఆయన దగ్గరగా వచ్చి, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పాడు.

“ముప్పయ్యేళ్లు ఈ నది మీద పైలట్‌గా చేశాను. నాకు ఈత రాదు. ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు.”

అని నా చేతిలో చెంచా తీసుకుని, పులుసు నోట్లో వేసుకుని, ఒక ముల్లు తీసి పక్కన పెట్టి, వరస వైపు తిరిగి, “రండి, చల్లారిపోతుంది” అన్నాడు.

బెట్టీ హోటల్నుంచి పెద్ద జల్లెడ తెప్పించి ముళ్లు వడకట్టింది. ఉప్పు బిస్కెట్లు ముంచుకుని జనం తిన్నారు. తిన్నవాళ్లంతా వరసగా నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, “డిఫరెంట్‌గా ఉంది” అన్నారు. పాస్టరుగారు అన్నారు. ఫైర్ చీఫ్ అన్నాడు. ఆయన భార్య రెండుసార్లు అంది. సాయంత్రానికి నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంతమందికి అంత కొత్తగా అనిపించిందంటే అంత చెడ్డగా ఏమీ లేదన్నమాట.

ఆదివారం బయల్దేరే ముందు ఆ మాటే బెట్టీతో గర్వంగా అన్నాను. ఆవిడ బల్ల తుడుస్తూ జాలిగా చూసింది.

“మా వైపు వంట బాగుంటే బాగుందంటాం. బాగోకపోతే మొహం మీద అనం. డిఫరెంట్‌గా ఉందంటాం.”

మంగళవారం షికాగోలో ప్రసాదు ఇంటికెళ్లి, దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పేశాను. ప్రసాదు నేలమీద పడి దొర్లాడు. లక్ష్మిగారు మాత్రం నవ్వలేదు. ఎవరో పోయారని విన్నదానిలా కూర్చుండిపోయింది.

“అన్నయ్యగారూ, చేపముక్కలు వేశాక గిన్నె కుదపాలే గానీ గరిట పెట్టకూడదండీ. పెట్టారా?” అని మెల్లగా అడిగింది.

“గరిట కాదమ్మా” అన్నాను. “పడవ తెడ్డు.”

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజే, వాళ్ల సోఫాలో కూర్చుని, కుడిచెయ్యి పైకెత్తి ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నేను తినని వంటను పొగడను. నోరు జారి పొగిడినా, వండుతానని ఒప్పుకోను. ఒప్పుకుని వండినా, నా జన్మలో మళ్లీ కలపను.