ఒక్క దుబ్బు వాటా

చాపలక్క అంటే మడుగు చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆమె అల్లిన చాప మీద పడుకుంటే నడుంనొప్పి కూడా మర్యాదగా లేచి వెళ్లిపోతుందని ఆమె మొగుడి ప్రచారం. చివరికి ఆ మహానుభావుడే ఆమె కొంప ముంచాడు.

మడుగు ఒడ్డున అత్తగారు నాటిన చాపగడ్డి ఉండేది. ఆ గడ్డి మహా నెమ్మదస్తురాలు. తల్లిదుబ్బును అంటిపెట్టుకునే పిలకలు వేస్తుంది, ఏడాదికి జానెడు జరిగితే గొప్ప. ఈమధ్య ఎక్కడినుంచో ఇంకో గడ్డి కొట్టుకొచ్చింది. అది బురద కింద కాడలు పాకించి, ఇక్కడ మునిగి అక్కడెక్కడో తేలుతుంది. చాపలక్క దానికి ఇల్లరికం అల్లుడని పేరు పెట్టింది. వచ్చినవాడు కదలడు, పైగా ఇల్లంతా నాదే అంటాడు!

"నువ్వుండవే, వాడి సంగతి నేను చూస్తా" అని మొగుడు పార తీశాడు. దాన్ని ముక్కలు ముక్కలుగా నరికి, కుళ్లి ఎరువవుతుందని అక్కడే బురదలో తొక్కేశాడు. ప్రతి ముక్కా పిలకేసింది. వానలు వెలిసేసరికి ఒడ్డంతా అల్లుళ్లే. చాపగడ్డి ఒక్క పోచైనా మిగల్లేదు.

"మళ్లీ పార ముట్టుకున్నావో, చేతులు విరుస్తా" అంది చాపలక్క. అని, ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఏడ్చింది.

చాపగడ్డి ఇంకొక్క చోటే ఉంది. మడుగు అవతల, తోడికోడలి దగ్గర. వేరుపడిన రోజున తోడికోడలు గడ్డిలో వాటా అడిగితే, చాపలక్క వెతికి వెతికి బక్కచిక్కిన దుబ్బొకటి పీకి, "ఇదే నీ వాటా, పో" అని చేతిలో పెట్టింది. అప్పటినుంచి మాటల్లేవు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? కానీ అల్లకుండా ఆ చేతులు ఉండలేవు. తట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది.

తోడికోడలు మోకాల్లోతు నీళ్లలో గడ్డి కోస్తోంది. చుట్టూ భుజమెత్తు పచ్చదనం. మనిషిని చూసింది, తట్టను చూసింది. తనూ వెతికి వెతికి, బక్కచిక్కిన దుబ్బొకటి పీకింది.

"ఇంద అక్కా, నీ వాటా."

తగిన శాస్తే అనుకుంది చాపలక్క. కళ్లనీళ్లు దిగమింగుకుని, దాన్ని తట్టలో పెట్టుకుని వెనుదిరిగింది.

"అయ్యో పిచ్చక్కా, వేళాకోళానికన్నాను, ఆగు!" తోడికోడలు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి కొంగు పట్టుకుంది. "ఎంత కావాలో పీక్కో. ఇదంతా నువ్విచ్చిన ఆ ఒక్క దుబ్బే కదా!"

తట్ట నిండిపోయింది. అయినా ఇంటి వెనక గుంటలో చాపలక్క ముందుగా నాటింది మాత్రం ఆ బక్క దుబ్బునే.