చెంచమ్మకు పచ్చరంగు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నా పక్కనున్న అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, మా వైపు నాట్ల పాటల్లో మనుషుల పేర్లకు పచ్చరంగు వేస్తోంది. ముసలితనంలో చదువు నేర్చినదాన్ని, కూడబలుక్కుని చదివాను.

"పేర్లన్నీ కొట్టేస్తుండావేందమ్మే?"

"కొట్టేయడం కాదవ్వా. ఈ పాటలు కంప్యూటర్లో దాస్తున్నాం. పేర్లకిట్టా రంగేసి గుర్తు పెడితే, రేపు ఎవరు వెతికినా వీళ్లు దొరుకుతారు."

పాట కట్టిన మనిషి చివర్లో తన పేరు కలపడం మావాళ్ల అలవాటు. మా అమ్మకు ఫొటో కూడా లేదు. ఆమె పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే సిగ్గుపడకుండా ఆమె కట్టిన పాట ఎత్తుకున్నాను. ఆ అమ్మాయి టైపు చేసి, చివర్లో "చెంచమ్మ"కు రంగు వేసింది. అమ్మ పేరును అక్షరాల్లో చూడటం అదే మొదలు. తెరమీద వేలు పెట్టి మళ్లీ చదివాను.

ఆత్మకూరులో దిగబోతూ, "మీ అమ్మ పేరేందమ్మే?" అన్నాను.

చెప్పింది. ఇంటికొచ్చి రెండు పేర్లూ పక్కపక్కన రాసుకున్నాను.