ముల్లు కదలని సాయంత్రం

ముల్లు కదలకపోతే సరుకు లేనట్టేనని నమ్మి, నిక్షేపంలాంటి గొంతును సముద్రం మీద ముక్కలు చేసిన ఘనత మా అంగళ్లవాళ్ల వంశంలో నాకొక్కడికే దక్కింది. మొన్న మా కొట్టులో ముల్లు తక్కెడ తీసేసి అంకెల తక్కెడ పెట్టారు. అది చూడగానే యాభైల నాటి కడప, మా బావ రేడియో గది గుర్తుకొచ్చాయి.

బావ యుద్ధంలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, లైసెన్సు తీసుకుని, సరదాకి ఇంట్లోనే స్టేషన్ పెట్టుకున్నాడు. ఆయనతోపాటు పనిచేసిన మైదుకూరు స్నేహితుడికి కొలంబోలో అలాంటిదే, ఇంతకన్నా పెద్దది ఒకటుండేది. బావ చిన్న ట్రాన్స్‌మిటర్ నుంచి అంతదూరం మోర్సు టక్కుటక్కులే తప్ప గొంతు చేరేది కాదు. ఆ స్నేహితుడు స్టేషన్ మూసేసి ఓడెక్కుతున్నాడని తెలిసి, ఒక్కసారైనా గొంతు వినిపించాలని బావ గొంతుకు బలం పెంచే లీనియర్ యాంప్లిఫయర్ కట్టాడు. దాని పెద్ద వాల్వును మద్రాసులో పాత మిలిటరీ సామాన్లు అమ్మేవాడికి మూడు చెరువుల నీళ్లు తాగించి తెచ్చింది నేనే.

ఆ ఆఖరి సాయంత్రం బావ మైకు ముందు కూర్చున్నాడు, నేను యాంప్లిఫయర్ పక్కన. మాట్లాడేటప్పుడు ఆయనకు కళ్లు మూసుకునే అలవాటు. మీటరు ముల్లు సగంలోనే నిలిచి, ఆయన ఎంత మాట్లాడినా కదల్లేదు. సరుకు వేస్తే మొగ్గని తక్కెడను నేనెలా నమ్మేది? పైగా నేను తెచ్చిన వాల్వుకు సగం పనేనా అని ఉక్రోషం. మెల్లగా దాని జోరు పెంచే మీట తిప్పాను. ముల్లు లేచింది, దాంతో నా మీసమూ లేచింది.

కొలంబో నుంచి జవాబు వచ్చింది. “ఏమప్పా, నోట్లో గుడ్డ పెట్టుకోని మాట్లాడతాండావా? ఒక్క ముక్కా తెలీడంల్యా. తొందరగా చెప్పు, బండి వచ్చి నిలబడి ఉండాది.”

బావ మళ్లీ చెప్పాడు, మళ్లీ అదే జవాబు. అప్పుడు కళ్లు తెరిచి ముల్లు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

“తిప్పినావా?”

“దుడ్లు పోసి తెచ్చినాం గదా బావా. నిండా వాడుకోవద్దా?”

“సగం ఖాళీగా పెట్టాలప్పా. మాట పైకి లేచినప్పుడు దానికి చోటు యాడుంటాది?”

మీటను వెనక్కి తిప్పి మాట్లాడాడు. ముల్లు మళ్లీ రాయిలా నిలిచిపోయింది. కానీ వాల్వు లోపలి ఎరుపు, ఆయన గొంతు లేచినప్పుడల్లా కాస్త తగ్గి, ఆగగానే మళ్లీ రాజుకుంది. ఇనుము, గాజు ఒక మనిషి మాట వింటున్నాయి. నా చేతులు వాటంతటవే దణ్ణానికి కలిశాయి.

“ఇప్పుడు తెలుస్తాండాది,” అన్నాడు స్నేహితుడు. “నువ్వు ఊపిరి పీల్చేది కూడా ఇనపడ్తాండాది. పోయొస్తానప్పా.”

ఆ తర్వాత కొలంబో నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. ఇక లెక్క: వాల్వు బేరంలో నాకు మిగిలింది చారెడు చిల్లర. నేను తిన్నది వాళ్లిద్దరి కబుర్లలో సగానికి పైగా. బావ దాన్నెప్పుడూ నా ఖాతాలో రాయలేదు. ఎంత బేరమాడినా కాలం వెనక్కి తూచి ఇవ్వదు కాబట్టి, నేనే రాసుకుంటున్నాను.