తంగేడు పొద చప్పుడు

సినిమా సెట్లు వేసేవాళ్లకి ఒక మాట అలవాటు. స్థలం అడిగేటప్పుడు యజమానితో "ఎలా ఉందో అలాగే అప్పగిస్తామండీ" అంటాం. ఎనభైల చివర్లో నేను ఆర్ట్ అసిస్టెంటుని. జూబ్లీహిల్స్‌లో, రిటైరైన ఒక బోటనీ లెక్చరరు గారితో కూడా ఆ మాట అలవోకగా అనేశాను. ఆవిడ కాగితం కూడా అడగలేదు.

ఆవిడ ఇంటి పక్కన బండల మధ్య గడ్డినేల ఉండేది. పశువులు రాకుండా కంచె వేసి, ఏళ్ల తరబడి దాని మానాన దాన్ని పెరగనిచ్చారు. తంగేడు, గునుగు, తుమ్మి, ఇంకా ఏవేవో గడ్డిపూలు. అప్పటి నా దృష్టిలో అన్నీ పిచ్చిమొక్కలే. ఆవిడకి చూపు బాగా మందగించింది. అయినా రోజూ పొద్దున్నే చేతికర్ర కూడా లేకుండా అందులో ఒక్కరే తిరిగేవారు. ఎలా తిరుగుతారో అడగాలని నాకు తోచలేదు.

పాట కోసం మూడు రోజులు తీసుకున్నాం. తంగేడు పొదలు పీకించి, నేల చదును చేసి, లాన్ పరిచి, కాగితం గులాబీలు గుచ్చాం. హీరోయిన్ మీద పురుగు వాలకూడదని మందు కొట్టించాం. మూలన ఒక ఎండిన వేప మోడు ఉంటే వంటవాళ్ల పొయ్యిలోకి పంపించాను. పాట బాగా వచ్చింది.

ఆ మర్నాడు ఆవిడ లోపలికి వచ్చి నాలుగడుగులు వేసి, బండకి మోకాలు కొట్టుకుని ఆగిపోయారు.

"బాబూ, నా దారేదీ?" అన్నారు.

లాన్ మీకే ఉంచేస్తామండీ అన్నాను, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

"ఎలా ఉందో అలాగే అన్నావు కదా."

ఆ గొంతులో కోపం కూడా లేదు. ముందు నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లాక సిగ్గేసింది.

కంపెనీ ఇంకో సెట్ మీదికి వెళ్లిపోయింది. మాట ఇచ్చింది మాత్రం నేను. మాకోసం మొక్కలు పీకిన బోరబండ కూలీ మనిషినే మళ్లీ పిలిచి, ఆదివారాలు వచ్చి లాన్ తీయించాను. పక్క గుట్టల మీద విత్తనాలు ఏరుకొచ్చి చల్లాం. మొదటి వానలకి గడ్డీ గునుగూ లేచాయి. తంగేడు పూయడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. షూటింగ్‌కి ముందు తీసిన ఫోటోలు చేత్తో పట్టుకుని చూస్తే, పొదలతో సహా అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. గర్వంగా ఆవిడని పిలుచుకొచ్చాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నిలబడి పూలు తడిమి చూశారు.

"పూలు వచ్చాయి బాబూ. చప్పుడేదీ?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. నల్ల తుమ్మెదలు తంగేడు పువ్వుని పట్టుకుని ఝుమ్మని కుదిపితేనే పుప్పొడి రాలుతుందట. ఆ మోతని బట్టే మలుపెక్కడో, బండెక్కడో తెలుసుకుని నడిచేవారట. మా సినిమాల్లో ముందు బొమ్మ తీసుకుంటాం, చప్పుడు తర్వాత డబ్బింగ్‌లో కలుపుకుంటాం. ఇక్కడా నేను బొమ్మే చూసుకున్నాను.

పక్కనే గడ్డి కోస్తున్న కూలీ మనిషి నడుమెత్తి, "తుమ్మెదలు గా ఎండు మోడుల ఉంటుండె సారూ. పొయ్యిల పెట్టుమంది మీరే గద" అంది.

పాత సెట్లు విప్పగా మిగిలిన వెదురు బొంగులు గోడౌన్‌లో పడి ఉంటే తెచ్చి, ఆ మోడుకి బదులుగా కట్టలు కట్టి, వాన తగలకుండా బండ చాటున పెట్టాను. ఒక ఏడాది ఏదీ చేరలేదు. వారం వారం వెళ్లి బొంగుల్లోకి తొంగి చూసేవాణ్ణి. ఆవిడ నడక మాత్రం నా చెయ్యి దొరికే ఆదివారాలకే మిగిలింది. తక్కిన రోజులు వరండాలో కుర్చీలో కూర్చునేవారు. ఆ కుర్చీ చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మరుసటి వానాకాలం ఒక బొంగుకి గుండ్రటి కన్నం కనిపించింది. దాని కింద సన్నటి రంపపు పొట్టు. నమ్మకం చాలక ఆవిడకి చెప్పలేదు. ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే చెయ్యి పట్టుకుని మలుపు దాకా వచ్చాం. నేనేదో అనబోతే "మాట్లాడకు బాబూ" అన్నారు.

ముందున్న పొదలోంచి ఒకే ఒక్క తుమ్మెద మోత. తల వంచి కాసేపు విన్నారు. తర్వాత నా చెయ్యి వదిలేసి, బండని తప్పించుకుని, ఆ మోత వైపు ఒక్కరే నడిచి వెళ్లారు.